అత్తయ్యకో చిన్న స్పీకర్

మా అత్తయ్యకి పాట లేనిదే వంట సాగదు. పాత రేడియో మూలన పడ్డాక నా ఫోన్‌లోనే పెట్టేదాన్ని. ఈమధ్య అదీ వద్దంటున్నారు. "ఏటో గొణుగుతున్నట్టుందే అమ్మా, ఆపీ" అన్నారోరోజు. పాటల మీద ఇష్టం పోయిందేమో అనుకున్నాను. కాదు, వినికిడి తగ్గింది. పైకి చెప్పలేదంతే.

ఆదివారం ఆవిణ్ణే వెంటబెట్టుకుని విజయనగరం గంటస్తంభం దగ్గర షాపుకెళ్ళాను. షాపబ్బాయి బేస్ ఎక్కువున్న స్పీకర్ పెట్టాడు. "ఏటిది, పెళ్ళి డప్పులాగ! మాటేదీ?" అన్నారు అత్తయ్య. నిజమే, ఆ దడదడలో మాట మునిగిపోయింది.

సుశీల గారి పాట పెట్టమన్నాను. ఈ ఊళ్ళోనే పుట్టి, ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్న గొంతు. ఆవిడ పలికిన ప్రతి అక్షరం వినపడాలి, అదే నా పరీక్ష. నాలుగోది పెట్టాక అత్తయ్య పెదాలు కదిలాయి. అయిదు వాట్లదే, అరచేతిలో పట్టేస్తుంది.

ఇంకో రెండు చూశాను. బటన్లు చేతికి తెలిసేలా ఎత్తుగా ఉండాలి. మెమరీ కార్డు పెట్టే వీలుండాలి. బ్లూటూత్ మామూలుగా పది మీటర్ల వరకే, మధ్యలో గోడలుంటే ఇంకా తక్కువ. నేను ఫోన్ పట్టుకుని మేడెక్కితే ఆవిడ పాట ఆగిపోకూడదు కదా!

మీరూ పెద్దవాళ్ళకి కొంటుంటే వాళ్ళనే తీసుకెళ్ళండి. వాళ్ళ చెవులే చెప్తాయి.

ఈ పొద్దున్న నేను పెరట్లో ఉండగానే వంటింట్లో పాట మొదలైంది. నన్నెవరూ పిలవలేదు.