"నేను సంపాదించి తాగుతున్న మేడమ్"

మా దగ్గరికి పిల్లలు వాళ్లంతట వాళ్లు రారు. ఎవరో ఒకరు పట్టుకొస్తారు. ఎక్కువగా అమ్మ వస్తుంది, తోడుగా మేనమామ. తండ్రి వచ్చినా ఓపీ చీటీ రాయించి బయట బల్ల మీద కూర్చుంటాడు. "మీరే చెప్పండి మేడమ్, మా మాట ఇంటలేడు" అంటాడు. తెలంగాణలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో డీ-అడిక్షన్ కౌన్సెలర్‌ని నేను. నా పనిలో సగం ఆ బల్ల మీది మనిషిని లోపలికి రప్పించడమే.

ముందు పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడతాను. తల్లి ఒక పట్టాన కదలదు. "నా ముందటనే చెప్తడు" అంటుంది. చెప్పడు. ఆమెను పంపించి, "ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప నీ మాట ఈ గది దాటదు" అని చెప్పాకే తలెత్తుతాడు. ఎంత తాగుతున్నావని అడగను. మొదటిసారి ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరున్నారని అడుగుతాను.

తల్లిదండ్రులు చెప్పే కారణం ఒకటే, చెడు సావాసాలు. పిల్లలు చెప్పేది వేరు. బాబాయి పెళ్లి బరాత్‌లో డీజే బండి ముందు. దసరా నాడు "మొగోడివి గాదుర, ఒక గుక్క తాగు" అని మేనమామ అందించిన గ్లాసు. పండక్కి తాత పోసిన కల్లు. లేదా నాన్న ఫ్రిజ్‌లో పెట్టుకున్న సగం సీసా. తాగినంత తాగి, ఆ మేరకు నీళ్లు కలిపి మళ్లీ అక్కడే పెట్టేస్తారు. హాస్టల్ ఔటింగులు, దోస్తుల బర్త్‌డే పార్టీలు ఆ తర్వాతి సంగతి.

ఇంటర్ రెండో సంవత్సరం అబ్బాయి ఒకడు వచ్చాడు. కాలేజీ నుంచి ఫోన్ వచ్చాక తల్లిదండ్రులిద్దరూ తీసుకొచ్చారు. "నాన్న తాగేటప్పుడు నువ్వేం చేస్తవ్?" అని అడిగాను. "ఐసు తెస్త. పల్లీలు ప్లేట్ల పోస్త. సోడా అయిపోతే దుకాణంకు పోత" అన్నాడు. ఎప్పటినుంచంటే, ఆరో తరగతి నుంచి. తర్వాత తండ్రిని లోపలికి పిలిచి ఇదే సంగతి ఎత్తాను. ఆయనకు కోపమొచ్చింది. "నేను సంపాదించి తాగుతున్న మేడమ్. వీడేం సంపాదించిండు?" అన్నాడు.

ఈ మాట నా గదిలో కొత్త కాదు. కానీ ఆ అబ్బాయి అప్పటికే ఆదివారాలు క్యాటరింగ్ పనికి పోతున్నాడు. ఆ కూలి డబ్బులతోనే బీరు కొంటున్నాడు. తండ్రి చెప్పిన లెక్క ప్రకారం చూస్తే వాడు తప్పేమీ చేయలేదు. మందు చెడ్డదని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. సంపాదన మొదలైతే తాగొచ్చని మాత్రం రోజూ చూపించారు. ఆ మాటే చెబితే తండ్రి చాలాసేపు ఏమీ అనలేదు. తల్లి మాత్రం, "నేను ఎప్పటిసంది మొత్తుకుంటున్న" అంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు నిండిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతారు. కాబట్టి తండ్రులందరినీ రేపటికల్లా మానేయమంటే ఆ కుటుంబం మళ్లీ నా గది గడప తొక్కదు. నేను అడిగేవి చిన్నవి. ఇంట్లో తాగొద్దు. సీసా ఇంట్లో పెట్టొద్దు. పిల్లలతో ఐసు, సోడా తెప్పించొద్దు. చుట్టం ఎవరైనా గ్లాసు అందిస్తే, పదిమందిలోనైనా సరే, అక్కడికక్కడే వద్దనండి. ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. మన దగ్గర మద్యం కొనడానికి ఇరవై ఒక్కేళ్లు నిండాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు మత్తు పానీయం ఇచ్చినవాళ్లకు 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పండగ పూట గ్లాసు అందించే మేనమామకు ఈ సంగతి తెలియదు.

"బీరే గద మేడమ్" అనేవాళ్లతో కాగితం మీద లెక్క వేయిస్తాను. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఏడెనిమిది శాతం ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు మూడున్నర, నాలుగు కలిపితే ఎంతో అంత. తొందరపాటును ఆపి ఆలోచింపజేసే మెదడు భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. పదహారేళ్లవాడు ఒక సీసా ఎత్తాడంటే ఆ ఎదుగుదల మీద నాలుగు పెగ్గులు పోసినట్టే.

మా దాకా వచ్చేలోపు ఇంట్లో అన్నీ చేసి చూస్తారు. కొడతారు, తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. కొందరు ఎవరో ఇచ్చిన తెల్లటి పొడిని తెలియకుండా కూరలో కలుపుతారు. ఇది చాలా ప్రమాదం. తాగుడు మాన్పించే మందుల్లో డైసల్ఫిరామ్ అనేది ఒకటుంది, ఆ పొడి అదే కావచ్చు. ఆల్కహాలు శరీరంలో విరిగేటప్పుడు పుట్టే విషపదార్థాన్ని అది ఇంకా విరగనివ్వక ఒంట్లోనే పేరుకునేలా చేస్తుంది. తెలియక దాని మీద తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు అది. పిల్లల విషయంలో అసలు మాత్రల పాత్ర తక్కువ, మాటల పాత్రే ఎక్కువ.

ఇంకొందరు అయ్యప్ప మాల వేయిస్తారు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు, మాల తీసిన వారానికే మళ్లీ మొదలు. "దేవుడి భయం కూడ లేకపాయె" అని తల్లి ఏడుస్తుంది. ఆ దీక్షలో ఏమేం మారాయో చెప్పమంటాను. పొద్దున్నే లేవడం, చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన. ఇంట్లో మందూ మాంసమూ బంద్. నిన్నటిదాకా "అరేయ్" అన్న తండ్రి "స్వామీ" అని పిలవడం. అంటే మారింది పిల్లవాడొక్కడే కాదు, ఇల్లంతా మారింది. వీటిలో మాల తీశాక కూడా ఏవి నిలుపుకోగలరో రాసుకోమంటాను. సీసా లేని ఇల్లు, మర్యాదగా పిలిచే తండ్రి, సాయంత్రానికి ఒక పని. ఈ మూడూ నిలిచిన ఇళ్లలో తేడా కనిపిస్తుంది.

తల్లులతో గొడవ మరో రకం. "నాయనకు తెలిస్తే సంపుతడు" అని దాస్తారు, అడిగినప్పుడల్లా ఫోన్‌పే చేస్తారు. తండ్రి అరుపు, తల్లి దాపరికం, రెండూ పిల్లవాడికి నేర్పేది అబద్ధమే. ఆడపిల్లల్నయితే దాదాపుగా తీసుకురారు. తాగరని కాదు, పదిమందికీ తెలిస్తే సంబంధాలు రావని. చివరికి తెచ్చేటప్పటికి సంగతి ముదిరి ఉంటుంది.

నేను చేయించే ఒప్పందాల్లో తండ్రులకు మింగుడుపడనిది ఒకటుంది. "ఎంత రాత్రైనా ఫోన్ చెయ్, వచ్చి తీసుకుపోత. ఆ రాత్రి ఒక్క మాట అనను" అని కొడుక్కి చెప్పమంటాను. "అంటే తాగమన్నట్టే గద?" అంటారు. కాదు. తెల్లారాక మాట్లాడాలి. పాకెట్ మనీ ఆపాలి, బండి తాళం తీసుకోవాలి. కానీ తిట్లకు భయపడి తాగి బండి నడిపితే మాట్లాడటానికి తెల్లారి పిల్లవాడు ఉండకపోవచ్చు. మత్తులో పిలిచినా పలకకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మజ్జిగ, నిమ్మరసం పట్టిస్తే మత్తు దిగదు, ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడకపోవచ్చు. పడుకుంటే అదే దిగుతుందని ఒంటరిగా వదిలేయొద్దు.

ఆ ఇంటర్ అబ్బాయి తండ్రి మందు పూర్తిగా మానలేదు. ఇంట్లో తాగడం, ఐసు తెమ్మనడం మానేశాడు. అబ్బాయి మధ్యలో ఒకసారి తప్పాడు, తనే వచ్చి తండ్రికి చెప్పాడు. నా లెక్కలో అది గెలుపే. దాచకుండా చెప్పే పిల్లవాడితో పని చేయొచ్చు.

ఆసుపత్రికి రావడానికి మొహమాటపడేవాళ్లు టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు అలవాట్లకు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. పిల్లవాడు ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. ముందు మీరే మాట్లాడండి, మీ తాగుడు గురించి కూడా.