సలాలాలో మా పొరుగు

మా కడప జిల్లా రైతులు వానాకాలపు పంటను ఖరీఫ్ అంటారు. అది అరబ్బీ పదమనీ, శరత్కాలమని దాని అర్థమనీ మదర్సాలోనే చదువుకున్నాను. అయితే ఆ మాట చినుకులై రాలడం మాత్రం ఒమాన్ దక్షిణ తీరంలోని సలాలా పట్టణంలో చూశాను. జూన్ మూడో వారం మొదలు సెప్టెంబరు మూడో వారం దాకా నైరుతి గాలులు ధుఫార్ కొండలను తాకి, పొగమంచుగా, తుంపరగా కురుస్తాయి. గల్ఫ్ దేశాలన్నీ కొలిమిలా మండే ఆ రోజుల్లో ఇక్కడి కొండలు పచ్చబడతాయి. ఆ పచ్చదనం చూడడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరడం లేదని నా శ్రీమతి మాత్రం వాపోయేది.

పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే పనిమీద మేము మూడేళ్లు అక్కడ ఉన్నాము. మా ఇల్లు సముద్రానికి దగ్గరగా, దహారీజ్ ప్రాంతంలో ఉండేది. కొబ్బరి తోటలు, అరటి తోటలు, దారి పక్కన బొప్పాయిలు, కొబ్బరి బోండాలు అమ్మే పాకలు చూస్తే గోదావరి జిల్లాకు వచ్చామా అనిపించేది. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఈ తీరానికి వచ్చి, ఇక్కడి కొబ్బరిని, తమలపాకును వర్ణించాడు. పశువులకు సార్డీన్ చేపలు మేతగా వేస్తారనీ రాశాడు. విద్యార్థి దశలో అది చదివి నవ్వుకున్నాను. ఖరీఫ్ ముగిసి కడలి శాంతించాక, ఇసుకలో ఎండబెట్టిన ఆ చేపలను ఒంటెలకు మేపడం కళ్లారా చూశాను.

నా అరబ్బీ సంగతి చెప్పాలి. వ్యాకరణ శుద్ధితో నేను మాట్లాడితే చేపల అంగడిలో వర్తకులు శుక్రవారపు ఖుత్బా విన్నట్లు నిలబడిపోయేవారు. పక్కింటి ధుఫారీ కుటుంబం ఇంట్లో జిబ్బాలీ భాష మాట్లాడేది. నాకది బొత్తిగా అందలేదు. ఏడేళ్ల మా అమ్మాయి మాత్రం ఆరు నెలల్లో అక్కడి పిల్లలతో కలిసి పోట్లాడేంత నేర్చింది. ఆ ఇంటి పెద్దావిడను మేము ఖాలా అని పిలిచేవాళ్లము. మగ్రిబ్ వేళ ఆమె మట్టి ధూపదానిలో సాంబ్రాణి వేస్తే మా వసారా దాకా పరిమళం వచ్చేది. మా సేమియా పళ్లెం ఆమె ఇంటికి వెళ్లి ఖర్జూరాలతో తిరిగి వచ్చేది. ఆ పళ్లెం ఏనాడూ ఖాళీగా రాలేదు.

అది మేడ మెట్లు కూడా ఏనాడూ ఎక్కలేదు.

పైన ఒక కేరళ దర్జీ ఒంటరిగా ఉండేవాడు. ముస్లిం కాడు. రాత్రి పొద్దుపోయేదాకా కుట్టుమిషను చప్పుడు వినిపించేది. ఎదురైతే తల ఊపేవాడు, నేనూ ఊపేవాడిని. ఒకనాడు ఖాలా మా గుమ్మంలోకి వచ్చి ఏదో గట్టిగా అడిగింది. అమ్మాయి తెలుగులో చెప్పింది: "అబ్బా, పైన మిషను మూడు రోజుల నుంచి మోగడం లేదంట. మీరు చూడలేదా అంటోంది."

నేను చూడలేదు. రోజుకు ఐదుసార్లు ఆ మెట్ల పక్కనుంచే మస్జిదుకు వెళ్లి వచ్చేవాడిని.

తలుపు గడియ వేసి లేదు. ఆయన తీవ్ర జ్వరంతో, నేల మీద చాపపై పడి ఉన్నాడు. ఖాలా కొడుకు కారులో ఆసుపత్రికి తీసుకువెళ్లాము. అక్కడ గుమస్తా కాగితం ముందు పెట్టుకుని రోగి పేరు అడిగాడు. నాకు తెలియదు. ఏడాదిన్నరగా ఒకే కప్పు కింద ఉన్నాము. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తమ ఇంట గొర్రెను కోసినప్పుడు, యూదు పొరుగువాడికి పంపారా అని రెట్టించి అడిగిన ఉల్లేఖనాన్ని ఏటేటా విద్యార్థులకు బోధించినవాణ్ణి నేను. ఇంటికి ఫోన్ చేశాను. అమ్మాయి తడుముకోకుండా పేరు చెప్పింది. తన బొమ్మకు గౌను కుట్టిచ్చాడట.

పది రోజులకు ఆయన కోలుకున్నాడు. ఆ పది రోజులూ మా ఇంటి నుంచి గంజి, ఖాలా ఇంటి నుంచి పులుసు మెట్లెక్కాయి. తర్వాత ఒక సాయంత్రం మా పళ్లెం కడిగి, దానిలో వేయించిన సార్డీన్లు పెట్టి తెచ్చాడు. వాటిని తమ ఊళ్లో మత్తి అంటారని చెప్పాడు. "కూర్చోండి భాయ్" అన్నాను. ఆయన వసారాలోనే నిలబడి, ఇంకా ఆరని మా బట్టల వైపు చూస్తూ, "మేడమీద గాలి తగులుతుంది, అక్కడ ఆరవేసుకోమనండి" అన్నాడు.