కాలువలు కట్టిన నెలల్లో అమ్మమ్మ ఊరు

రైలు మార్గం నరసాపురంతో ముగుస్తుంది. స్టేషనులో దిగి, ఊరు దాటి రేవుకు వెళితే ఎదుట వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డున సఖినేటిపల్లి. గత వేసవిలో మేము పిల్లలతో కలిసి పంటు ఎక్కి ఆ ఒడ్డుకు చేరాము. అక్కడి నుండి రాజోలు వైపు పోయే దారిలో, కొబ్బరి తోటల మధ్య మా అమ్మమ్మ ఊరు ఉన్నది. ఆమెకు ఇప్పుడు 82 ఏళ్లు.

ఎటు చూసినా నీళ్లుండే గోదావరి డెల్టాలో వేసవి వస్తే మంచినీటికి ఇబ్బంది అంటే మెట్ట ప్రాంతాలవారు నమ్మరు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేయించాడు. ఆ స్థానంలో ఇప్పుడు ఆయన పేరిటే బ్యారేజీ ఉన్నది. దాళ్వా పంట చేతికొచ్చాక, మరమ్మతుల కోసం అక్కడి నుండి వచ్చే కాలువలను కట్టివేస్తారు. అంతకుముందే ఊరి చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువ వదిలేవరకు ఆ నీరే ఆధారం.

మా చిన్నతనంలో అమ్మమ్మ వేసవి దినచర్య అంతా ఆ చెరువు చుట్టూ తిరిగేది. తెల్లవారుజామున నాలుగింటికే బిందె తీసుకుని బయలుదేరేది. ఎండ పొడవక ముందే నాలుగు బిందెలు కుండల్లో పోసి, చిల్లగింజను రాతిమీద అరగదీసి ఆ గంధం నీళ్లలో కలిపేది. మట్టి అడుగుకు చేరి పైన నీరు తేటపడేది. మేము ఆత్రంగా గ్లాసు ముంచబోతే, "కాసేపు ఆగండర్రా, కదిపితే మళ్లీ మొదటికొస్తుంది" అని గదమాయించేది.

మనవలం, మనవరాళ్లం కలిసి పదకొండు మందిమి. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసి, ఆవకాయ ముక్కతో ముద్దలు చేసి అందరి చేతుల్లో పెట్టేది. ఆవకాయ పెట్టే రోజు ఇంట్లో ఒక్కరికీ తీరిక ఉండేది కాదు. మామయ్యలు కాయలు కొట్టేవారు, పిల్లలం జీడి తీసి ముక్కలు తుడిచేవాళ్లం, అత్తయ్యలు ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి కలిపేవారు. మూడో రోజున జాడీ విప్పి తిరగకలిపాక వేడి అన్నంలో మొదటి ముద్ద. సాయంత్రం తాటిముంజలు. రాత్రి వాకిట్లో నులక మంచాలు వరసగా వేసి, కుటుంబ ప్రార్థన ముగిశాక నిద్ర.

మధ్యాహ్నం వేళ మాత్రం అమ్మమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. మిషనరీలు నేర్పిన ఈ అల్లిక 19వ శతాబ్దం నుండి నరసాపురం ప్రాంతంలో ఇంటింటికీ పాకింది. దారం ఇచ్చి వెళ్లినవారే అల్లినది తీసుకుని కూలి కట్టేవారు. ఊళ్లో అందరూ దీనిని ఆడవాళ్ల తీరిక వేళ కాలక్షేపం అనేవారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ స్త్రీలను గురించి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఇంటిపని ముగించుకుని రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుతున్నా వీరిని పనివారిగా ఎవరూ లెక్కించడం లేదని ఆమె చూపించింది. మా అమ్మ, పిన్ని చదివిన చదువుకు ఫీజులు ఆ కాలక్షేపం నుండే వచ్చాయి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అప్పటికే అమ్మమ్మ చూపు తగ్గి అల్లిక మానుకున్నది.

మా పిన్ని 1987లో కువైట్ వెళ్లింది. ఈ ప్రాంతం నుండి ఎందరో స్త్రీలు ఇంటిపని కోసం అలాగే వెళ్లారు, ఇప్పటికీ వెళుతున్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు మా ఇంట్లో రేడియో ఆగలేదు. రెండు నెలలు ఏ కబురూ లేదు. జోర్డాన్‌లోని అమ్మాన్ నుండి లక్షకు పైగా భారతీయులను విమానాల్లో తీసుకువచ్చారు. వారిలో పిన్ని కూడా, చేతిలో ఒక్క సంచీతో, ఇల్లు చేరింది. అప్పు తీరలేదు గనుక తరువాత మళ్లీ వెళ్లింది. ఆ సంపాదనతోనే తాటాకు ఇల్లు డాబా అయింది. మూడేళ్ల క్రితం పిన్ని ప్రభువునందు నిద్రించింది.

ఇప్పుడు పిన్ని కూతురు కువైట్‌లో ఉన్నది. ఆమె భర్త హైదరాబాదులో డ్రైవరు. వారి తొమ్మిదేళ్ల బాబు అమ్మమ్మ దగ్గరే పెరుగుతున్నాడు, ఆమెను తాతమ్మా అని పిలుస్తాడు. మనకు రాత్రి పదిన్నర అయితే అక్కడ ఎనిమిది. తల్లికి పని తెమిలి ఫోనులో ముఖం కనబడే సరికి బాబు సగం నిద్రలో ఉంటాడు.

మేము వెళ్లేసరికి ఇంట్లో మంచినీళ్లు ఇరవై లీటర్ల క్యానులో ఉన్నాయి. దానిని ఎత్తి పెట్టుకునే శక్తి ఆమెకు లేదు. బాబు చెంబుతో వంపి కుండ నింపుతున్నాడు. ఆ రాత్రి ఫోనులో చెల్లెలు ఏడుస్తూ, బాబును హాస్టల్లో చేర్పించి అమ్మమ్మను హైదరాబాదు తీసుకుపొమ్మని మమ్మల్ని అడిగింది. అమ్మమ్మ అన్నీ విని, "నన్ను తీసుకుపోతారు, సరే. వాడు రాత్రిపూట కలవరిస్తే పలకడానికి మనిషి ఉండాలి గదా?" అన్నది. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

ఆదివారం ఆరాధన అయ్యాక నాలుగు కుటుంబాలవాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాము. బాబు ఐదో తరగతి ముగిసేవరకు ఊళ్లోనే చదువుతాడు. తండ్రి నెలకొకసారి వచ్చి రెండు రోజులుంటాడు. మిగిలిన వారాల్లో వంతులవారీగా మాలో ఒకరు వెళతాము. కరెంటు బిల్లు, మందులు, క్యాను తెచ్చే కుర్రవాడి డబ్బు ఎవరెవరు చూడాలో కాగితం మీద రాసుకున్నాము. వేసవి సెలవులను వారాలుగా పంచుకున్నాము. ఆవకాయ వారం మాత్రం అందరిదీ. ఐదో తరగతి తరువాత ఏమిటన్నది ఇంకా తేలలేదు.

పాఠకులారా, మీ కుటుంబంలోనూ ఇలాంటి పెద్దావిడ ఉండవచ్చు. నెలనెలా డబ్బు పంపుతున్నాము గదా అని మేమూ అనుకునేవాళ్లం. ఆ డబ్బుతో క్యాను వస్తుంది, దానిని ఎత్తి కుండలో పోసే చెయ్యి రాదు. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు వారం రోజులైనా ఉండండి. ఆమె తెల్లవారుజామున లేచింది మొదలు చేసే పనులన్నీ దగ్గరుండి చూడండి. వాటిలో ఏవి ఆమె ఇక చేయలేకపోతున్నదో మీకే తెలుస్తుంది. తిరిగి రాకముందే ఆ పని ఎవరి వంతో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.