బొల్లారం ల్యాబ్‌లో ప్రాక్సీ సర్వర్

బొల్లారం వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాష్ట్రపతి నిలయం చూడడానికి వస్తారు. నేను వెళ్లింది ఆ చుట్టుపక్కలే ఉన్న ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కి. ల్యాబంతటికీ నెట్ కనెక్షన్ ఒక్కటే. దానికి ముందు, ఒకసారి దిగిన ఫైళ్లను దాచిపెట్టి మళ్లీ అడిగినవాళ్లకు ఇచ్చే స్క్విడ్ ప్రాక్సీ ఉంది. హార్వెస్ట్ ప్రాజెక్టు కోడ్ ఆధారంగా 1996లో డ్యూయేన్ వెసెల్స్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది.

"లాగ్ చూడండి సార్, అంతా అందులోనే తెలుస్తుంది" అంటూ ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్ ఒక సిస్టమ్‌లో ఉబుంటు ప్యాకేజీలు దింపడం మొదలుపెట్టారు. వరసగా 'టీసీపీ మిస్' అని పడింది. అంటే ఫైళ్లు బయటినుంచే వస్తున్నాయి. పక్క సిస్టమ్‌లో అవే ప్యాకేజీలు అడగ్గానే చిన్నవాటికి 'మెమ్ హిట్', పెద్దవాటికి ఉత్త 'హిట్' కనిపించాయి. మొదటివి ర్యామ్ నుంచి, రెండోవి డిస్క్ నుంచి వచ్చాయన్నమాట.

మనం మార్చకపోతే స్క్విడ్ ర్యామ్‌లో 256 ఎంబీని ఫైళ్లకు కేటాయిస్తుంది. 512 కేబీ దాటిన ఫైలును అక్కడ అట్టిపెట్టదు. ఆ చోటులో మొదటి హక్కు అప్పటికప్పుడు దిగుతున్న ఫైళ్లది. మిగిలిందే తరచూ అడిగేవాటికి. పిల్లలందరూ ఒకేసారి డౌన్‌లోడ్లు మొదలుపెడితే ఆ తరచూ అడిగేవి చోటు ఖాళీ చేయాల్సిందే.

డిస్క్‌లో 16 ఫోల్డర్లు, ఒక్కోదానిలో 256 చొప్పున మళ్లీ ఫోల్డర్లు. మేడమ్ ఒకటి తెరిచారు. ఫైళ్ల పేర్లన్నీ ఎనిమిదేసి అంకెలూ అక్షరాలూ. ఏది ఏ చిరునామాదో పేరు చూసి చెప్పలేం. ఆ సంగతి చెప్పే పట్టిక ర్యామ్‌లో ఉంటుంది. సర్వర్ ఆపి మళ్లీ నడిపితే 'స్వాప్ స్టేట్' అనే ఫైలు చదివి పట్టికను తిరిగి కట్టుకుంటుంది.

"పెద్ద డిస్క్ కొనమంటారు సార్ అందరూ. దాని లెక్కంతా మోసేది ర్యామే కదా!"

ఆమె మాట అక్షరాలా నిజం. 64 బిట్ సిస్టమ్‌లో ఒక జీబీ డిస్క్ క్యాష్‌కు పట్టిక కోసమే సుమారు 14 ఎంబీ ర్యామ్ కావాలి. 100 జీబీ పెడితే 1.4 జీబీ దానికే పోతుంది. ర్యామ్ చాలక సర్వర్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకునే స్వాపింగ్‌లో పడిందంటే, ప్రాక్సీ పెట్టి ప్రయోజనం లేదు.

డిస్క్‌లో క్యాష్‌కు ఇచ్చిన చోటు 90 శాతం నిండాక పాతవి తీసేయడం మొదలవుతుంది. 95 దగ్గరికొస్తే వేగం పెంచుతుంది. మామూలుగా చాలాకాలంగా ఎవరూ అడగనిది ముందు పోతుంది. ఇక్కడ మాత్రం ఎల్ఎఫ్‌యూడీఏ పద్ధతి పెట్టారు. ఎక్కువమంది అడిగే ఫైలు ఎంత పెద్దదైనా నిలుస్తుంది. నెట్ భారం తగ్గడమే ముఖ్యమైన ల్యాబ్‌కు ఇదే సరైన ఎంపిక అని నా అభిప్రాయం.

హెచ్‌టీటీపీఎస్ సైట్లు మాత్రం ప్రాక్సీలోంచి మూసిన గొట్టంలా వెళ్లిపోతాయి. వాటిని దాచడం కుదరదు. ఈ ల్యాబ్‌కు లాభమంతా హెచ్‌టీటీపీ మీద వచ్చే ప్యాకేజీలతోనే.

మీ కాలేజీలో స్క్విడ్ ఉంటే సెట్టింగుల్లో గరిష్ఠ ఫైలు సైజు చూడండి. అది 4 ఎంబీ దగ్గరే ఉంటే పెద్ద ప్యాకేజీలు డిస్క్‌కు చేరవు. ముందు దాన్ని పెంచండి.