పెడళ్లు లేని బరువు

వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిల్ పేరు రికంబెంట్. నడుం నొప్పి పుణ్యమా అని దాని మీద మనసు పడింది. మా ఇల్లేమో లిఫ్ట్ లేని మూడో అంతస్తు. అందుకే కేటలాగుల్లో ముందు చూసింది బరువే. ఒక కంపెనీ 12 కిలోలంది, మరొకటి 14. తేలికదే మేలనిపించే లోపే చిన్న అక్షరాలు కనిపించాయి. ఆ 12 కిలోల్లో పెడళ్లు, మడ్‌గార్డులు, క్యారియర్ లేవు. 14లో అన్నీ ఉన్నాయి. పెడళ్లు లేని సైకిల్‌ను తొక్కేదెవరు?

చదును రోడ్డు మీద 2 కిలోలు పెద్ద లెక్క కాదు. 70 కిలోల మనిషి ఎక్కాక మొత్తంలో ఆ తేడా రెండున్నర శాతం కూడా ఉండదు. అక్కడ అసలు శత్రువు ఎదురుగాలి. వాలి కూర్చుంటే దాని తాకిడి తగ్గుతుంది. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ ఇలాంటి సైకిల్ మీదే గంటలో 45 కిలోమీటర్లు దాటాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ రకాన్ని పోటీల నుంచి తప్పించింది.

కానీ ఎత్తు ఎక్కేటప్పుడు, మెట్ల మీద మోసేటప్పుడు ప్రతి కిలో లెక్కే. కాబట్టి కొనేముందు తూకం మిషన్‌పై ఒట్టి చేతులతో ఒకసారి, సైకిల్ ఎత్తుకుని మరోసారి నిలబడాలి. ఆ తేడాయే అసలు బరువు. నడుం కోసం కొన్న సైకిల్ నడుం విరవకూడదు కదా!