కనపడకపోతే లేనట్టేనా?

పోయిన నెల మా వల్ల ఒక తప్పు జరిగింది. దాచకుండా చెప్పేస్తున్నాం.

మన విడీ ఘర్కుల్‌లోనే ఉండే ఒక అక్క సంఘం లెక్కలు చూసే మా దగ్గరికి వచ్చింది. భర్త పోయాడు. సహాయనిధికి ఆయన కట్టిన చందా రసీదులు కావాలంది. పెన్‌డ్రైవ్ పెట్టి చూశాం. ఖాళీ! "రికార్డు లేదక్కా" అనేశాం. ఆమె ఏమీ అనలేదు. బీడీల సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

"ఫార్మాట్ కొట్టేద్దాం తాతా" అన్నాడు పక్కింటి పిల్లాడు. మేము రైల్వేలో పార్సిల్ క్లర్కుగా చేసినవాళ్ళం. తూకం చూడకుండా ఖాళీ అనం. ప్రాపర్టీస్ తెరిచాం. డ్రైవ్ సగం నిండి ఉంది! సరుకు ఉంది, కంటికి కనపడటం లేదు, అంతే.

పార్సిల్ మీద చీటీ ఉన్నట్టే ప్రతి ఫైలుకూ ఒక చీటీ ఉంటుంది. దాన్నే ఆట్రిబ్యూట్ అంటారు. డాస్ కాలం నుంచీ ముఖ్యమైనవి 4. ఆర్ అంటే రీడ్ ఓన్లీ, చదవడానికే. హెచ్ అంటే హిడెన్, దాచినది. ఎస్ అంటే సిస్టమ్, కంప్యూటర్ సొంత ఫైలు. ఏ అంటే ఆర్కైవ్, ఫైలు మారింది, బ్యాకప్ తీయాలి అని గుర్తు. చీటీ మారితే లోపలి సరుకు మారదు.

ఏదో వైరస్ మన ఫోల్డర్లకు హెచ్, ఎస్ రెండూ తగిలించింది. ఆంటీవైరస్ ఆ వైరస్‌ను తీసేసింది గానీ చీటీలు అలాగే ఉండిపోయాయి. హెచ్ ఒక్కటే అయితే 'హిడెన్ ఐటమ్స్' దగ్గర టిక్ పెడితే కనపడేవి. ఎస్ కూడా ఉంటే అది చాలదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ అని కొట్టి, మైనస్ ఎస్, మైనస్ హెచ్ రెండూ కలిపి ఇవ్వాలి. హెచ్ ఒక్కటే తీయబోతే ఒప్పుకోదు. లోపలి ఫోల్డర్లకు కూడా పోవాలంటే చివర స్లాష్ ఎస్, స్లాష్ డి.

ఎంటర్ కొట్టగానే ఫోల్డర్లన్నీ వచ్చేశాయి. ఆయన రసీదులు ఒక్కటీ పోలేదు. ఆ సాయంత్రమే ప్రింట్లు తీసుకుని ఆ అక్క ఇంటికి వెళ్ళాం, తప్పు మాదేనని చెప్పాం.

ఇప్పుడు రసీదుల ఫైళ్ళకు ఆర్ పెట్టాం. అయితే ఆర్ తాళం కాదు, ఎవరైనా తీసేయొచ్చు. అందుకే ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచాం.

మేము చదివింది తమిళ మీడియం, రాతలో తప్పులుంటే మన్నించండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: లేదు అనే ముందు ఇంకోసారి వెతకండి. మనిషిని వట్టి చేతులతో పంపేముందు తప్పకుండా వెతకండి.