మా యింటి కొబ్బరినూనె

స్నేహమను మాటకు నూనె యనియు, ప్రేమ యనియు రెండర్థములు కలవు. ఒక్క మాటలో నీ రెండును ఎట్లిమిడినవో చిన్నతనమున నాకు బోధపడలేదు. కోనసీమలోని అత్తవారింటికి కాపురమునకు వచ్చిన పిదప, మా యత్తగారి చేతిలోని కొబ్బరినూనె గిన్నెను చూచి తెలిసికొంటిని. అయితే నూనెకును తగిన చోటు, తగని చోటు కలవని నేర్చుకొనుటకు మాత్రము మా యింట నొక పసిబిడ్డ బాధపడవలసివచ్చెను. ఆ సంగతి సోదరీమణులతో చెప్పుకొనవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాను.

మా పెరటిలో 14 కొబ్బరిచెట్లు కలవు. అమ్మగా మిగిలిన కాయలతో అత్తగారు ఏటేట నూనె తీయించెడివారు. ఎండుకొబ్బరిలో నూటికి 60 పాళ్లకు మించి నూనెయే యుండును గనుక, దానిని గానుగ ఆడించినచో ఇంటిల్లిపాదికి ఏడాదికి సరిపడ వచ్చెడిది. కాని పిల్లల యొంటికి రాచుటకు ఆమె పచ్చికొబ్బరి పాలు కాచి తీసిన నూనెనే వాడెడివారు. ముదిరిన కాయలను కోరి, రుబ్బి, గోరువెచ్చని నీరు చేర్చి, పలుచని గుడ్డలో పిండవలెను. ఆ పాలను రాత్రి కదల్చక యుంచినచో తెల్లవారునప్పటికి మీగడ పైకి తేలును. ఆ మీగడను మాత్రము తీసి, మందమైన మూకుడులో సన్నని సెగపై కాచవలెను. తడి యున్నంతసేపు అది చిటపటలాడును. ఆ చప్పుడు సన్నగిల్లి, అడుగున నున్న గసి బంగారు వన్నెకు తిరుగగానే దింపవలెను. ఏమాత్రము తడి మిగిలినను నూనె త్వరగా కంపుపట్టును.

"చప్పుడాగింది, దించెయ్యి అమ్మాయీ" అని ఆమె వంటింటి గడప అవతలనుండియే చెప్పెడివారు. చూడనక్కరలేదు, వినిన చాలును. పది కాయలకు అరలీటరునకు కొంచెము తక్కువగా నూనె దిగెడిది. మిగిలిన గసిలో బెల్లము కలిపి పిల్లల చేతిలో పెట్టెడివారు.

ఆ నూనె మీద ఆమెకు గల నమ్మకము ఇంతింత యనరానిది. జుట్టుకు అదియే, పగిలిన పెదవులకు అదియే, దోమ కుట్టినచోటికి అదియే. ఆమెను చూచి నేనును అట్లే అలవాటుపడితిని.

2016వ సంవత్సరము వేసవిలో నొకనాడు నేను అన్నము వార్చుచుండగా, నాలుగేండ్ల మా అమ్మాయి వెనుకనుండి వచ్చి నా చీర కుచ్చెళ్లు పట్టి లాగెను. గిన్నె జారి, కాగిన గంజి దాని ముంజేతిపై పడెను. నాకు చేతులు కాళ్లు ఆడలేదు. "అత్తయ్యగారూ, నూనె! నూనె తెండి!" అని కేకవేసితిని. ఆమె పరుగున వచ్చి గిన్నెడు నూనె పిల్ల చేతిపై పోసిరి. పిల్ల యేడుపు తగ్గలేదు సరికదా, మరింత హెచ్చెను.

ఆసుపత్రిలో వైద్యురాలు చేయి చూచి, "ఎవరమ్మా ఈ నూనె పోసింది?" అని యడిగెను. అత్తగారు తల వంచుకొని "నేనేనమ్మా" అనిరి. నూనె తెమ్మని కేకవేసినది నేను. ఆ మాట నా నోట రాలేదు.

వైద్యురాలు కోపపడలేదు, ఓపికతో చెప్పెను. కాలినచోట చర్మము లోపల వేడి నిలిచియుండును. వెంటనే చల్లని కొళాయి ధార క్రింద 20 నిమిషములు పట్టినచో ఆ వేడి దిగును, గాయము లోతునకు పోదు. నూనె, వెన్న, పండ్లపొడి మొదలగునవి పూసినచో వేడి వెలికి పోదు. పుండును శుభ్రము చేయుట కష్టమగును, క్రిములు చేరును. మంచుగడ్డ పెట్టుటయు తగదు. నీటి తరువాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. ఇంతే.

మూడు వారములకు గాయము మానెను, మచ్చ మిగిలెను. ఆనాటినుండి అత్తగారు నూనె సీసా ముట్టుట మానిరి. శనివారపు తలంటు నాపై పడెను. పిల్ల "మామ్మా" యని దగ్గరకు పోయి తల యొగ్గినను, "అమ్మనడుగు" అని ఆమె లేచిపోయెడివారు. "అమ్మ నాటువైద్యమే ఇంత చేసింది" అని మావారు రెండుమూడు సారులు అనిరి. ఆమె వినుచునే యుండిరి. నేను అప్పుడును ఊరకుంటిని.

మార్గశిరము వచ్చెను. ఆ యేడు చలికి అత్తగారి మడమలు పగిలి, గోడ పట్టుకొని నడచుచుండిరి. నూనె సీసాలో గడ్డకట్టి యుండెను. సుమారు 24 డిగ్రీలకు దిగువను కొబ్బరినూనె పేరుకొనుట సహజము. అది చెడిపోయినదని పారబోయరాదు. వేడినీటి గిన్నెలో సీసా నుంచి నూనె కరగించితిని. ఆమె పాదములను గోరువెచ్చని నీటితో కడిగి, తడి పూర్తిగా ఆరకమునుపే నూనె రాచుటకు కూర్చుంటిని. ఆమె వద్దనిరి, నేను వినలేదు.

కొంతసేపటికి, తల యెత్తకయే, "ఆ రోజు నూనె తెమ్మన్నది నేను, అత్తయ్యగారూ. మీరు నింద మోస్తుంటే చూస్తూ ఊరుకున్నాను" అని చెప్పితిని.

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప, "నువ్వు కేకవేయకపోయినా నేను నూనే తెచ్చేదాన్ని అమ్మాయీ. మనిద్దరికీ తెలీలేదు. అబ్బాయితో ఆ మాట చెప్పు, చాలు" అనిరి.

ఆ రాత్రియే మావారితో చెప్పితిని. మరుసటి శనివారము పిల్ల తలకు నూనె పెట్టినది మామ్మయే.

అది మొదలు మేమిద్దరము కూర్చుండి, ఈ నూనె ఎక్కడ పనికివచ్చునో ఎక్కడ రాదో తెలిసికొని నడచుకొనుచున్నాము. ఒక మాట సంతోషము కలిగించినది. మన పెద్దల ఆచారములో చాలభాగము పరీక్షకు నిలిచినది. 2003వ సంవత్సరమున రేలే, మోహిలే యను పరిశోధకులు ఖనిజతైలము, ప్రొద్దుతిరుగుడు నూనె, కొబ్బరినూనె మూడింటిని వెండ్రుకలపై పరీక్షించి చూడగా, వెండ్రుకలలోని మాంసకృత్తు నశింపకుండ కాపాడినది కొబ్బరినూనె యొక్కటే యని తేలెను. అందులో ఇంచుమించు సగపాలుండు లారిక్ ఆమ్లము వెండ్రుక లోనికి చొరగలదు. తలంటుకు ముందు నూనె పెట్టుట వట్టి మురిపెము కాదన్నమాట. 2004లో ఫిలిప్పీన్సు దేశమున పొడిచర్మము గల 34 మందిపై రెండు వారములు జరిపిన పరీక్షలో, కొబ్బరినూనె ఖనిజతైలముతో సమానముగా చర్మమునకు తేమను నిలిపినది. స్నానమైన వెంటనే, ఒడలు కొంచెము తడిగా నున్నప్పుడే పలుచగా రాచుట మంచి పద్ధతి.

ఇక కూడని చోట్లు. కాలిన గాయములకు, చీము పట్టిన పుండ్లకు వలదు. జిడ్డుముఖమునకు, మొటిమలున్న ముఖమునకు రాచినచో రంధ్రములు పూడి మొటిమలు హెచ్చవచ్చును. మధుమేహము గలవారు మడమ పగుళ్లకు నూనెతో సరిపెట్టుకొనక వైద్యునకు చూపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, పసిబిడ్డకు నీళ్లు పోయునపుడు ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయు అలవాటును విడువవలెను. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోనికి జారినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఒంటికి మెత్తగా మర్దనము చేసిన చాలును.

ఇంటి పనులలో దీని యుపకారము చెప్పనక్కరలేదు. పనసకాయ కోయుటకు ముందు చేతులకు, కత్తిపీటకు రాచినచో పనసపాలు అంటుకొనవు. కొత్త స్టీలు గిన్నెపై అంటించిన కాగితపు జిగురు, రెండు చుక్కలు రాచి కొంతసేపుంచి తుడిచినచో వదలిపోవును. కడిగి ఆరబెట్టిన ఇనుప పెనమునకు పలుచగా పూసిన తుప్పు పట్టదు. కుట్టుమిషనుకు మాత్రము వాడరాదు. చలికి గడ్డకట్టి మరలు బిగుసుకొనును. దానికి దాని నూనెయే వేయవలెను. ఎందుకు వాడినను సీసాలో తడిచేయి, తడిచెంచా పెట్టరాదు.

సోదరీమణులారా, మీ యింటనున్న పెద్దలకు ఈ మాటలు మెల్లగా చెప్పుడు, నింద వేయకుడు. తెలియక చేసినవారిది ప్రేమయే గాని దోషము కాదు. తెలిసియు ఊరకుండిన నావంటివారిదే దోషము. ఇప్పుడు మా వీధిలో ఎవరి బిడ్డ చేయి కాలినను, అందరికంటె ముందు వినబడునది మా యత్తగారి గొంతు: "నూనె కాదర్రా, ముందు నీళ్లు! కొళాయి కింద పెట్టండి!"